ఉబ్బెత్తు గాడిద

ఆ గదిలో రాగ్న్‌హిల్డ్‌కి నచ్చింది ఒక్కటీ లేదు. లైబ్రరీ మేడ మీద పొడవాటి బల్లలు, బల్లల నిండా కాగితపు పూలు, పూల వెనక నవ్వు మొహాలు. స్వెన్‌బోర్గ్‌ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకు తన కలంతో శుభలేఖలు రాసిన మనిషి ఆవిడ. ఇవాళ గుండ్రటి తల ఉన్న ఇనుప పుల్ల పట్టుకుని కాగితాన్ని గోకడం నేర్చుకోవడానికి వచ్చింది. ఖర్మ కాకపోతే ఏమిటి!

ఆ ఖర్మ పేరు టోవె, సొంత చెల్లెలు. అమ్మ అంత్యక్రియలకు రాగ్న్‌హిల్డ్ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని రాసిన కీర్తనల కాగితాన్ని చర్చిలో అందరి ముందూ పైకెత్తి, "ఇది పాటా, ఉన్ని చిక్కా? ఒక్క ముక్క చదవడానికి లేదు" అనేసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ తర్వాత ఏడాదికి టోవెకి చూపు పోయింది. ఇంక సిరాతో ఏం రాసినా దండగే. ఈసారి క్రిస్మస్‌కి ఇంటికి రమ్మని పిలవాలని రాగ్న్‌హిల్డ్‌కి ప్రాణం కొట్టుకుంటోంది. ఫోన్ చేస్తే తనే ముందు తగ్గినట్టవుతుంది. అదే, వేళ్ళతో తడిమి చదువుకునే కార్డు పంపితే అది తగ్గడం కాదు, కళ.

నేర్పే ఆవిడ పేరు బిర్తె. గొంతులో బెల్లం, చెవులకు కాగితంతో చేసిన లోలాకులు.

"ముందు కాగితం వెనక్కి తిప్పి కొవ్వొత్తి రుద్దండి. అప్పుడు పుల్ల జారుతుంది, చిరగదు. వెనక నొక్కితేనే ముందు ఉబ్బుతుంది కాబట్టి అక్షరాలన్నీ తిరగేసి రాయాలి, సరేనాండీ?"

"తెలుసు" అంది రాగ్న్‌హిల్డ్. ఏమీ తెలియదు.

"మెలికలూ తీగలూ ఇప్పుడే వద్దండీ. పెద్ద అచ్చక్షరాలు, ఎడం ఎడంగా. ఎవరి కోసం నేర్చుకుంటున్నారో వాళ్ళ పేరు నొక్కండి చాలు."

మెలికలు వద్దట! తనకి! పలకా బలపం ఇచ్చి దిద్దమనలేదు, అదొక్కటే తక్కువ. రాగ్న్‌హిల్డ్ ఒక దళసరి కాగితపు ముక్క తీసుకుని, మెత్తటి గుడ్డ మీద బోర్లించి, బిర్తె మొహం తలుచుకుంటూ, ఆవిడ చెప్పినట్టే పెద్ద అచ్చక్షరాల్లో కసికొద్దీ నొక్కింది. "గాడిద."

బిర్తె వచ్చి ఆ ముక్కను తిప్పి చూసింది. చదివింది. "అక్షరాలు మాత్రం భలే లేచాయండీ" అని పక్క బల్లకి వెళ్ళిపోయింది. తిట్టు కూడా అర్థం కాని మనిషి అనుకుంటూ రాగ్న్‌హిల్డ్ ఆ ముక్కను సంచిలో పడేసుకుంది.

ఇంటికొచ్చాక అసలు పని మొదలుపెట్టింది. మంచి నూలు కాగితం మీద "క్రిస్మస్‌కి మా ఇంటికి రా" అని, ఒక్కో అక్షరానికీ తోకలు, తోకలకు మళ్ళీ తీగలు పెట్టి నొక్కింది. ఎక్కడా చిరగలేదు. దీపం పక్కన పట్టి, నీడల్లో అక్షరాలు తేలుతుంటే తన పనికి తనే మురిసిపోయింది. బిర్తెకి ఇలాంటిది ఏడు జన్మలెత్తినా రాదు. కవరులో కార్డు నలగకుండా వెనక ఏదో ఒక గట్టి ముక్క పెట్టడం ఆవిడకి మొదటినుంచీ అలవాటు. చేతికి అందిన ముక్క పెట్టి, అంటించి పంపేసింది.

టోవె ఫోన్ చేసింది. "నీ కవరు వచ్చింది. ఒకసారి రా."

చూశావా, ఎవరు తగ్గారో! రాగ్న్‌హిల్డ్ కొత్త కోటు వేసుకుని వెళ్ళింది. గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి వచ్చేసరికి టోవె కప్పు అంచుకి వేలు ఆనించి కాఫీ పోస్తోంది. చిక్కిపోయింది. రాగ్న్‌హిల్డ్ కోటు విప్పకుండానే ఎదురు కుర్చీలో కూర్చుంది.

టోవె కార్డు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమింది. మళ్ళీ తడిమింది.

"మళ్ళీ ఉన్ని చిక్కేనా అక్కా?"

రాగ్న్‌హిల్డ్‌కి ఒళ్ళు మండిపోయింది. "నీకు చదవడం చేతకాక..." అంటూ లేచి నిలబడింది.

"ఆగవే. దీని వెనకాల ఇంకోటుంది. అది చదివాను." టోవె కవరులోంచి దళసరి ముక్క బయటికి లాగింది.

అది లైబ్రరీలో రాగ్న్‌హిల్డ్ బిర్తె మీద కసితో నొక్కిన ముక్క. టోవె వేలు ఒక్కో అక్షరం మీదుగా నింపాదిగా నడిచింది. "గాడిద" అని పైకే చదివింది. పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"చూపు పోయినప్పటి నుంచీ అందరూ నాతో మాటల్ని దూదిలో చుట్టి మాట్లాడుతున్నారక్కా. అయ్యో పాపం, మెల్లగా, జాగ్రత్త అంటూ. ఒక్కరైనా తిట్టరు. నేను బతికే ఉన్నానా అని నాకే అనుమానం వచ్చేది." ముక్కను రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది. "నాకోసమేగా రాశావు?"

రాగ్న్‌హిల్డ్‌కి కాగితపు లోలాకులు గుర్తొచ్చాయి. పెద్ద అచ్చక్షరాలు, ఎడం ఎడంగా అన్న మాటా గుర్తొచ్చింది. టోవె ఒళ్ళోంచి జారి కింద పడ్డ తన కళాఖండాన్ని చూసుకుంటే మొదటిసారి తన మీద తనకే రోత పుట్టింది. చెల్లెలి పక్కన కూర్చుంది.

"నీకోసమేనే, గాడిదా. ఇంకెవరికి రాస్తాను? క్రిస్మస్‌కి మా ఇంటికి రా."