తాడు అవతలి చెట్టు

తడి చెట్టు వాసన.

గదంతా అదే. వంటింటి దాకా, మంచాల కింది దాకా, ఉతికినా ఆరని గుడ్డల దాకా... పచ్చిగా, చల్లగా, అడవి ముక్కను ఎవరో వానలో కోసి తెచ్చి మూల నిలబెట్టినట్టు.

తెచ్చింది ఆమే. పని నుంచి వస్తూ, భుజాన వేసుకుని, మూడంతస్తుల మెట్లెక్కి తెచ్చింది. ఆమె భుజం దాకా వచ్చే చెట్టు. ఒక పక్క కొమ్మలే లేవు. అందుకే ఎవరూ కొనలేదు, అందుకే ఆమెకు దక్కింది. బోసిగా ఉన్న పక్కను గోడ వైపు తిప్పేసింది.

వంక ఎటుంటే ఆ పక్కను గోడకు తిప్పడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఆమె పనే అది మరి. దుకాణాల షోకేసులు అలంకరిస్తుంది. క్రిస్మస్ నెల వచ్చిందంటే అన్నం తినే తీరిక ఉండదు. పెద్ద అద్దం వెనక, చెప్పులు విప్పి, మేజోళ్ళతో పిల్లిలా నడుస్తూ — ఇక్కడో చెట్టు, అక్కడో నక్షత్రం, దూదితో మంచు. ఒక అమ్మ బొమ్మ, ఒక నాన్న బొమ్మ, ఇద్దరు పిల్లల బొమ్మలు. దారినపోయేవాళ్ళు ముక్కు అద్దానికి ఆనించి మరీ చూస్తారు.

ఆ పిల్లలకు ముక్కు కారదు.

ఆ పిల్లలు పక్క తడపరు.

ఆ అమ్మ తలలో ఒక్క వెంట్రుక చెదరదు — చెదరడానికి అది మొలిచిన జుట్టయితే కదా.

ఇంటికొస్తే ముగ్గురు.

పెద్దదానికి ఆరేళ్ళు. నోట్లో నాలుక లేని పిల్ల. రెండోవాడికి నాలుగు నిండలేదు. గండుచీమ అని పిలుస్తారు, కుట్టాడంటే వదలడు. మూడోది చంటిది, పాకుతుంది, దొరికింది నోట్లో పెట్టుకుంటుంది. నేల మీద ఎక్కడ ఏముందో ఆ ఇంట్లో చీపురు కంటే చంటిదానికే బాగా తెలుసు.

వాళ్ళ నాన్న లారీ నడుపుతాడు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. పండగ మధ్యాహ్నానికి వస్తానన్నాడు.

ఆయనకంటే ముందు వచ్చేది ఆయన అక్క.

వదిన చెడ్డ మనిషి కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. మూడు పురుళ్ళకూ వచ్చి నిలబడింది, పిల్లలకు జ్వరమంటే పరిగెత్తుకొచ్చింది. కొడుకులిద్దరూ పెద్దవాళ్ళయిపోయారు. ఆవిడ ఇంట్లో తువ్వాళ్ళు అంచుకు అంచు కలిపి మడిచి ఉంటాయి. గడియారం కొట్టుకోవడం వినిపిస్తుంది.

ఆదివారం ఫోన్ చేసింది.

"అమ్మాయ్, పెద్దదాన్ని నా దగ్గరికి పంపించెయ్. ఆ ఇద్దరి గోలలో పిల్ల నలిగిపోతోంది. నీకా ఒకటే పని, వాడా ఊళ్ళమ్మట తిరుగుడు. పండగ పొద్దున వస్తాను. ఇల్లు చూస్తాను. నీ చేతనవుతోందని అనిపించిందా, నోరు మూసుకుంటాను. లేదా, దాని బట్టలు సర్దుకుని నాతో తీసుకుపోతాను."

మొగుడికి చెప్పింది. లారీ హోరులో ఆయన గొంతు వచ్చీ రానట్టు వచ్చింది.

"మంచికే కదా అంటోంది అక్క... ఓ పని చెయ్యి. ఇల్లు కాస్త సర్దిపెట్టు. చూసిందంటే తనే ఊరుకుంటుంది."

కాస్త సర్దిపెట్టు.

కాస్తట.

పండగ ఇంకా మూడు రోజులుంది. సర్దడం ఆమెకు చేతకాదనా? ఊళ్ళో సగం అద్దాలు ఆమె సర్దినవే. కొంగు బిగించింది. కొట్టు నుంచి తెల్ల తాడు తెచ్చింది — జనం సరుకు మీద పడకుండా కట్టే తాడు. చెట్టు చుట్టూ నాలుగు కుర్చీలు వేసింది. నాలుగింటికీ తాడు చుట్టింది.

"దీన్ని దాటకూడదు. ఎవ్వరూ. విన్నారా?"

"విన్నాను," అంది పెద్దది.

గండుచీమ అప్పటికే అవతల ఉన్నాడు.

మొదటి రోజు వాడు మంచులో ముక్కు చీదాడు. చెట్టు కింద పరిచిన తెల్లటి దూదిలో, ఒక చోట కాదు, నాలుగు చోట్ల.

ఆమె దూది మార్చింది.

చంటిది మెరుపుకాగితం తినేసింది. డాక్టరు ఏం భయం లేదన్నాడు. మర్నాడు పొద్దున గుడ్డ విప్పితే పండగంతా అందులోనే ఉంది.

ఆమె ఉతికింది.

రెండో రోజు పాల గ్లాసు బోర్లా పడింది, ఎర్ర రంగు సీసా దాని మీద పడింది, ఆ రెండింటి మీదా చంటిది పడింది. పాకిన మేరా గులాబీ రంగు దారి — గది నుంచి వంటింటికి, వంటింటి నుంచి మంచానికి, మంచం మీదికి.

ఆమె తుడిచింది.

చెట్టు పక్కన అమర్చిన బొమ్మల పశువుల పాకలో పసిబిడ్డ బొమ్మ మాయమైంది. గొర్రెలున్నాయి, కాపరులున్నారు, తొట్టిలో బిడ్డ లేడు. ఇల్లంతా గాలించింది. చివరికి బాల్చీలో దొరికాడు, నురగలో తేలుతూ.

"తడిపేసుకున్నాడే అమ్మా," అన్నాడు గండుచీమ. "కడుగుతున్నా."

నవ్వొచ్చింది. నవ్వే తీరిక లేదు. బొమ్మను తుడిచింది, నేల తుడిచింది, వాణ్ణి తుడిచింది. తుడిచింది... తుడిచింది... బయట వాన కిటికీని తుడుస్తున్నట్టు, ఆగకుండా, ఎటూ చూడకుండా.

ఆ పిల్ల మాత్రం, పెద్దది, ఒక్క మరక చెయ్యలేదు.

తమ్ముణ్ణి తాడు దగ్గర ఆపింది. చెల్లి నోట్లోంచి దారం లాగింది. తన బొమ్మలు తనే పెట్టెలో పెట్టి మూత వేసుకుంది. తమ్ముడు కొరికితే ఏడవకుండా చెయ్యి వెనక దాచుకుంది.

"నా బంగారు తల్లివే," అంది ఆమె, పక్క నుంచి బకెట్టుతో వెళ్తూ.

మూడో రోజు మధ్యాహ్నానికి అయిపోయింది.

నిజంగా అయిపోయింది. వాన వెలిసింది. పల్చటి ఎండ కిటికీలోంచి చెట్టు మీద పడింది. వెండి దండలు సమంగా ఉన్నాయి. గాజు బంతులు పిల్లల చేతికందని ఎత్తులో, పెద్దవి కింద, చిన్నవి పైన. నేల అద్దంలా ఉంది. చిన్నవాళ్ళిద్దరూ నిద్రపోయారు.

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చూసుకుంది. ఒక్క వంక లేదు. ఇక రమ్మను వదినను.

అప్పుడు కనిపించింది.

తాడు ఇవతల, పెద్దది. ఉతికిన గౌను. దువ్విన తల. చేతులు రెండూ వీపు వెనక. కదలడం లేదు. చెట్టుకు మూడడుగుల దూరంలో, ఎంత బుద్ధిగా నిలబడిందంటే — ఊపిరి తీస్తోందా లేదా అని తల్లికే అనుమానం వచ్చేంత.

"అమ్మా."

"ఊఁ."

"లోపలికెళ్ళాలంటే మనం ఏం కొనాలి?"

వేళాకోళం కాదు. నిజంగానే అడిగింది. కొట్టు ముందు నిలబడిన పిల్ల అడిగినట్టు అడిగింది. అడిగి, తన దగ్గరున్నదేదో చూపించడానికి గుప్పిట విప్పింది. రెండు గుండీలు. ఒక పన్ను.

పన్ను.

"ఇదెప్పుడూడిందే?"

"నిన్న. నువ్వు తుడుస్తున్నావుగా."

ఆమె కూర్చుండిపోయింది. ఉన్నపళంగా, ఆ మెరిసే నేల మీదే.

ఆ పన్ను వచ్చిన రోజు ఆమెకు గుర్తే. గిన్నె అంచుకు టక్కుమని తగిలింది, ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. వచ్చిన చప్పుడు విన్నది... పోయిన చప్పుడు వినలేదు. ఎంత నెత్తురొచ్చిందో, భయపడిందో లేదో. గౌను మీద మరకైనా కనబడనీయకుండా ఎక్కడ కడుక్కుందో.

తాడు కట్టింది చిన్నవాళ్ళిద్దరి కోసం. ఆగింది ఇదొక్కతే.

లేచింది. కత్తెర తెచ్చింది. గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర.

ఒక కుర్చీ దగ్గర — కటుక్.

రెండో కుర్చీ దగ్గర — కటుక్.

మూడు. నాలుగు.

"పోవే," అంది. "పో లోపలికి."

పిల్ల కదల్లేదు. తాడు లేదు, అయినా అక్కడే నిలబడింది. లేని తాడును చూస్తూ.

అందుకని ఆమే ముందు పాకింది. ముప్పై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ మీద, దూది మంచులోకి, కొమ్మల కిందికి. సూదుల్లాంటి ఆకులు మెడలోకి దూరాయి. వెండి దండ ఒకటి తెగి నెత్తిన పడింది. అక్కడి నుంచి చెయ్యి చాపింది.

పిల్ల వచ్చింది. ముందు ఒక కాలు. తరవాత రెండోది.

ఆ తరవాత గండుచీమ లేచాడు.

ఇంక చెప్పేదేముంది...

పై కొమ్మల గాజు బంతులన్నీ కిందికి దిగాయి. పన్నెండు బంతులు ఒకే కొమ్మకు, ఎందుకంటే ఆ కొమ్మే వాడికి అందింది. గొర్రెలు చెట్టెక్కాయి. ఒక మేజోడు, ఒక చెంచా, చంటిదాని పాలపీక. అన్నిటికంటే పైన, ఎర్ర దారానికి కట్టి, పన్ను. చెట్టు బోసి పక్క ఇటు తిరిగిపోయింది. ఎవరూ అటు తిప్పలేదు. ఎర్ర రంగు సీసా మళ్ళీ పాలలో పడింది.

పండగ పొద్దున వదిన రావడానికి ఇంకా గంట టైముంది. ఆమె చీపురు తీసింది. గది చూసింది. గోడ మీద గులాబీ చేతులు చూసింది — పెద్దవి రెండు, చిన్నవి లెక్కలేనన్ని. ఆ పెద్దవి నిన్న సాయంత్రానివి. మూడేళ్ళ తరవాత మళ్ళీ ఆ ఇంటి గోడ మీద పెద్దదాని చేతులు.

చీపురు మూల పెట్టేసింది.

గంటలో ఈ గదిని అద్దంలా చెయ్యగలదు. చెయ్యగలదు కాబట్టే... చెయ్యలేదు.

తలుపు తట్టిన చప్పుడు. తీసింది.

వదిన గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో సంచి. వెనక మెట్ల మీద నుంచి చలిగాలి.

"ఇదేంటమ్మాయ్... ఇల్లేనా ఇది?"

"ఇల్లే వదినా. రండి. ఆ తడిగుడ్డ తీసి కూర్చోండి."

"ఆ చెట్టేంటి అలా ఒరిగింది? ఆ పైనేంటది?"

"పన్ను."

"పన్నా!"

"పెద్దదానిది. మొన్న ఊడింది. నేను చూడలేదు వదినా, నేల తుడుస్తున్నాను." వదిన కళ్ళలోకి చూసింది. "సర్దిన ఇల్లు చూడాలంటే మా కొట్టుకి తీసుకెళ్తాను, రండి. అద్దం వెనక ఒక్క మరక ఉండదు. అలాంటిది ఈ ఇంట్లో మీకు దొరకదు. ఇవాళే కాదు, వచ్చే ఏడూ దొరకదు."

"నేనేమన్నానే ఇప్పుడు? పిల్ల సుఖం కోసమేగా..."

"తెలుసు. మీరొచ్చి ఉండండి. నెలరోజులుండండి, మంచం మీకిచ్చి నేను కింద పడుకుంటాను. దాన్ని మాత్రం పంపను."

"మీ ఆయన ఒప్పుకున్నాడు తెలుసా?"

"ఆయనొచ్చాక ఆయనకీ ఇదే చెప్తాను."

వదిన మొహం ఎర్రబడింది. ఆమెను దాటి, గదిలోకి చూసి, గొంతు మార్చింది. "ఏదీ నా బుజ్జితల్లి? ఇలా రా. అత్తయ్య దగ్గర నీకో గదుందే. నీ వస్తువులు ఎవరూ ముట్టుకోరు."

పెద్దది చెట్టు కిందుంది. చేతిలో గొర్రె. గొర్రె రెండో చివర గండుచీమ. వాడు లాగాడు. పిల్ల లాగింది. వాడు గట్టిగా లాగాడు —

పెద్దది వాడి చెయ్యి కొరికింది.

వాడు దానికంటే ముందు ఏడవబోయాడు, కానీ అదే ముందు అందుకుంది. నోరంతా తెరిచి, పన్నూడిన సందు కనబడేలా, కళ్ళు గట్టిగా మూసుకుని, రాగం తీసి... గోడలదిరేలా. పక్కవాటా వాళ్ళు తలుపు తీసేలా.

"అమ్మో!" అంది వదిన. "ఎప్పుడూ ఇంతేనా ఇది?"

"లేదు వదినా," అంది ఆమె. "ఇవాళే మొదలుపెట్టింది."

ఊరుకోమనలేదు. దగ్గరికెళ్ళి నోరు మూయలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆ ఏడుపు వింది.

వదిన లోపలికి రాలేదు. వెళ్ళనూ లేదు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

తలుపు తెరిచే ఉంది. ఏడుపు మెట్లమ్మట దిగి వెళ్తోంది. దాని వెంటే చెట్టు వాసన... తడి ఆరింది, అయినా పచ్చిదే... ఒక్కో మెట్టూ దిగి, వీధిలోకి.