నీళ్లలో ఏమీ లేదన్నారు

నేను ఒక గాజు బ్యూరెట్‌ను. ఇంటర్‌లో సైన్సు చదివినవాళ్లకు నన్ను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. మూరెడు కంటే కాస్త పొడుగున్న సన్నని గొట్టాన్ని, ఒంటి నిండా గీతలు, అడుగున చిన్న కుళాయి. ఆ కుళాయిని కొద్దిగా తిప్పితే నాలోని ద్రావణం చుక్కచుక్కగా కింది ఫ్లాస్కులో పడుతుంది. రంగు ఎప్పుడు మారిందో చూసి, నా మీది గీత చదివి, ఏది ఎంత ఉందో లెక్క కడతారు.

అంబాలాలో ఒక కార్ఖానాలో మంట ముందు ఊపిరిపోసుకుని, గడ్డి కుక్కిన పెట్టెలో మూడు రైళ్లు మారి, నాగవలస జూనియర్ కాలేజీకి వచ్చాను. సముద్రానికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న చిన్న పట్నం అది. పదమూడేళ్లు అక్కడి పిల్లల చేతుల్లో గడిపాను. నా నుంచి చుక్క రాలకముందే రికార్డులో రీడింగు రాసేసుకునేవాళ్లు చాలామంది. నిజం కంటే నిరుడు పాసైనవాడి రికార్డు మీద వాళ్లకు నమ్మకం ఎక్కువ. అందుకు నేనెప్పుడూ బాధపడలేదు. పిల్లలు రాసుకున్న తప్పుడు అంకెను ఎవరూ తాగరు కదా.

కెమిస్ట్రీ లెక్చరర్ హైమవతికి మాత్రం అది పట్టేది. కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతున్నా పట్టించుకోకుండా, నా గీతకు సరిగ్గా ఎదురుగా కంటిని ఉంచి చదివేది. నన్ను కడిగి, ఆరబెట్టి, స్టాండుకు తగిలించేది ల్యాబ్ అటెండరు ఎర్నమ్మ. చదువు అయిదో తరగతితో ఆగిపోయినా ఏ సీసాలో ఏముందో వాసనతో చెప్పగలదు.

ఆ ఏడాది అక్టోబరులో తుఫాను వచ్చింది. మూడు రోజుల తర్వాత కరెంటు వచ్చింది. కరెంటుతో పాటు అందరి ఫోన్లలోకీ ఒక వార్త వచ్చింది. మున్సిపాలిటీ వాళ్లు ట్యాంకులో క్లోరిన్ ఎక్కువ కలుపుతున్నారనీ, అది గర్భిణులకు చేటనీ, పెద్ద శాస్త్రవేత్తలే తేల్చారనీ దాని సారాంశం. ఆ శాస్త్రవేత్తలెవరో, ఏ దేశంవాళ్లో అందులో లేదు. అయినా కుళాయిల దగ్గర బిందెలు తగ్గిపోయాయి. జనం వరదలో మునిగిన పాత నూతుల నీళ్లు తోడుకోవడం మొదలుపెట్టారు.

ఎర్నమ్మ కూతురు గాయత్రికి అప్పుడు ఏడో నెల. పట్నానికి ఆ చివర అత్తవారింట్లో ఉంది.

"మా అమ్మి కుళాయి నీళ్లు ముట్టుకోడం నేదు మేడమ్మా. నూతి నీళ్లే తాగతంది. నాను సెప్తే ఇనదు" అంది ఎర్నమ్మ నన్ను తుడుస్తూ.

"క్లోరిన్ వల్ల ఏమీ కాదు ఎర్నమ్మా. అది లేకపోతేనే భయం" అంది హైమవతి.

"నాకు సెప్తే ఏటి నాభం? ఊరికి సెప్పండి."

రెండు రోజుల్లో ఆ అవకాశం వచ్చింది. మున్సిపల్ ఇంజనీరు స్వయంగా కాలేజీకి వచ్చాడు. జనం ముందు నీళ్లు పరీక్ష చేసి చూపించమని అడిగాడు. మంచివాడే. రోజూ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేయిస్తున్నట్టు రిజిస్టరు కూడా తెచ్చాడు.

శనివారం పొద్దున్న కల్యాణమండపంలో నన్ను స్టాండుకు బిగించి బల్ల మీద నిలబెట్టారు. ఎదురుగా మూడు వందల మంది. పిల్లల ముందు నిలబడడం నాకు అలవాటే గానీ, ఇంతమంది భయపడ్డ పెద్దవాళ్లను ఎప్పుడూ చూడలేదు.

హైమవతి ముందు వాళ్లకు పద్ధతి చూపించింది. ఇంటి నుంచి తెచ్చిన నీళ్లలో చిటికెడు బ్లీచింగ్ పౌడర్ కలిపి, అందులో రెండు మూడు రసాయనాలు, కాస్త గంజి వేసింది. నీళ్లు నీలంగా మారాయి. సభలో గుసగుసలు లేచాయి. నాలోంచి, ఆ రంగును పోగొట్టే హైపో ద్రావణం చుక్కలుగా వదిలింది. నీలం పలచబడి, ఒక్కసారిగా మాయమైంది.

"ఈ నీలమే క్లోరిన్ ఉందనడానికి గుర్తు. ఎన్ని చుక్కలకు పోయిందో చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. ఇప్పుడు మన ట్యాంకు నీళ్లు చూద్దాం" అంది.

ట్యాంకు నీళ్లు పోసింది. అవే రసాయనాలు, అదే గంజి. ఫ్లాస్కును గుండ్రంగా తిప్పింది.

నీలం రాలేదు.

ఆమె వేళ్లు నా కుళాయి మీద ఉన్నాయి. అవి చల్లబడడం నాకు తెలిసింది. ఇంకాస్త గంజి వేసింది. నీళ్లు తేటగా అలాగే ఉన్నాయి. నా నుంచి ఒక్క చుక్క పడాల్సిన పని లేకపోయింది. ట్యాంకు నీళ్లలో క్లోరిన్ ఎక్కువా కాదు, తక్కువా కాదు, అసలే లేదు. పౌడర్ వేస్తున్న మాట నిజమే. తుఫానుకు గోదాములో తడిసి, సత్తువ పోయిన పౌడర్‌ను రోజూ నిజాయితీగా వేస్తున్నారు.

ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు అందుకున్నారు. రంగు పోవడమే మంచిదని ఇందాక చూశారు కదా, రంగే రాకపోతే మరీ మంచిదనుకున్నారు.

ఇంజనీరుకు విషయం అర్థమైంది. ఆయన వంగి మెల్లగా అన్నాడు: "మేడం, ఇప్పుడు చెప్పకండి. తొక్కిసలాట అవుతుంది. సాయంత్రానికి కొత్త పౌడర్ తెప్పిస్తాను."

హైమవతి ఆయన్ని చూసింది, ఫ్లాస్కును చూసింది, మైకును చూసింది. ఒక నిమిషం గడిచి ఉంటుంది. ఆ నిమిషంలో కుర్చీలు కదిలాయి. పత్రిక విలేకరి ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. చివరికి ఆమె మైకు అందుకుని, "ఆగండి, నీళ్లు మరిగించి తాగండి, ఇందులో క్రిములను చంపేది ఏమీ లేదు" అనేసరికి గుమ్మాల దగ్గరి రొదలో ఆ మాట విన్నది పాతిక మందే.

మర్నాడు పత్రికలో పెద్ద అక్షరాలు: 'నీళ్లలో ఏమీ లేదు: తేల్చిన లెక్చరర్'.

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అదే ఆమెను తినేసింది. పత్రిక ఆఫీసుకు ఫోను చేసింది. సవరణ వేస్తామన్నారు. మూడో రోజున వేశారు, లోపలి పేజీలో, టెండరు ప్రకటన కింద నాలుగు వరసలు. కొత్త పౌడర్ కూడా ఆ సాయంత్రం రాలేదు. రోడ్డు తెగిపోయి మూడో రోజునే వచ్చింది.

ఈలోగా హైమవతి నన్ను తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుని, ఎర్నమ్మను వెంటబెట్టుకుని వీధివీధీ తిరిగింది. గుమ్మాల ముందే పరీక్ష చేసి చూపించింది. కొందరు విన్నారు. కొందరు పత్రిక తెచ్చి ఆమె ఫొటోనే ఆమెకు చూపించారు. ఒక అరుగు మెట్టుకు తగిలి అడుగున కుళాయితో సహా నా మూతి విరిగింది. ఎర్నమ్మ దానికి రబ్బరు గొట్టం, క్లిప్పు తగిలించింది.

పత్రిక వచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఎర్నమ్మ ఫోను మోగింది. గాయత్రికి తెల్లవారి నుంచీ వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో చేర్చారు.

"మరిగించి తాగమని సెప్పినాను మేడమ్మా. ఫోన్లో రెండు మాట్లు సెప్పినాను" అంది ఎర్నమ్మ ఆటోలో. "నీ మేడమే ఏటీ నేదని పేపర్లో సెప్పింది గదా, అందికే నూతి నీళ్లు మానేసి కుళాయి నీళ్లే తాగతన్నాను అంది."

నేను హైమవతి ఒడిలో ఉన్నాను. ఆమె నన్ను ఎంత గట్టిగా పట్టుకుందంటే పగిలిపోతానేమో అనుకున్నాను.

వార్డులో మంచానికి ఇద్దరేసి ఉన్నారు. గాయత్రి కళ్లు లోతుకు పోయాయి. సెలైను చుక్కలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. చుక్కలు లెక్కపెట్టడమే నా వృత్తి. అంత బరువైన చుక్కలను నేనెన్నడూ చూడలేదు. సాయంత్రానికి నొప్పులు మొదలయ్యాయని నర్సు వచ్చి చెప్పింది. రెండు నెలల ముందే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడ్చింది గానీ, ఆ ఏడుపు తలుపు దాటి రాలేదు. గాజు పెట్టెలో ఉంచారు.

వసారాలో బల్ల మీద కూర్చుని హైమవతి అంది: "నేను ఒక్క నిమిషం ఆగాను ఎర్నమ్మా. ఆగకుండా చెప్పి ఉంటే అందరూ వినేవాళ్లు."

ఎర్నమ్మ ఓదారుస్తుందనుకున్నాను.

"అవును, ఆగినారు. నాను సూసినాను" అంది.

అయినా ఆ బల్ల మీద నుంచి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

గాయత్రి వారానికి తేరుకుంది. పిల్ల ఆ గాజు పెట్టెలో ముప్పై నాలుగు రోజులు ఉండి ఇంటికి వెళ్లింది. ఇప్పటికీ బరువు చాలదంటారు. పట్నంలో ఇద్దరు ముసలివాళ్లు దక్కలేదు. అది నీళ్ల వల్లేనని ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదు.

ఎర్నమ్మ పనిలోకి వచ్చిన మొదటి రోజే ఒక సీసాతో కుళాయి నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇది నాకు నేర్పండి" అంది. హైమవతి నేర్పింది. రబ్బరు మూతితో కాలేజీ పనికి పనికిరానని నన్ను పక్కన పెట్టేశారు గనుక, నేను ఎర్నమ్మ వాటాకు వచ్చాను. రోజూ పొద్దున్న పరీక్ష చేసి, నీలం వస్తే వచ్చిందని కాలేజీ గేటు దగ్గర పలక మీద రాస్తుంది. మొదట్లో ఎవరూ చదివేవారు కాదు. ఇప్పుడు బిందెలతో వెళ్లే ఆడవాళ్లు ఆగి చూసి వెళ్తున్నారు.

నాకు మాత్రం ప్రతి పొద్దునా బెంగే. గంజి వేశాక ఫ్లాస్కును తిప్పే ఆ రెండు క్షణాలూ నా గాజు ఒంట్లో ఊపిరి ఉన్నట్టే, అది ఆగిపోయినట్టే అనిపిస్తుంది.

మొన్న మంగళవారం నీలం రాలేదు. మళ్లీ చేసింది. మళ్లీ రాలేదు.

"ఇంజనీరుగారికి ఒకసారి ఫోను చేసి..." అంటూ హైమవతి బల్ల మీది ఫోను అందుకుంది.

"మీరు సెయ్యండి మేడమ్మా" అంది ఎర్నమ్మ. ఫ్లాస్కును కింద పెట్టి, చేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ గేటు వైపు వెళ్లిపోయింది. పలక మీద రాయడానికి కూడా ఆగలేదు. ఫోను అవతల ఇంకా మోగుతూనే ఉంది. బయట నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఈయాల మరగబెట్టుకుని తాగండి. నాను సూసినాను, అందులో మందు నేదు."

బిందెలు ఆగిన చప్పుడు నాకు వినబడింది.