అందరి పరీక్షలూ రాసింది ఒక్కతే

ఆఫీసులో అందరూ ఆమెను టీచరమ్మ అనేవారు. గౌరవం ఏమీ కాదు, వెక్కిరింపే. ఆసుపత్రుల కంప్యూటర్లు చూసుకునే కంపెనీ అది. ఏ రోగికి ఏ జబ్బుందో ఆ కంపెనీ సిబ్బందికి తెలిసిపోతుంది. ఆ గుట్టు బయటికి పొక్కకుండా చూడటం వాళ్లకు నేర్పడమే ఆమె ఉద్యోగం. నెలంతా క్లాసులు పెట్టింది. వచ్చినవాళ్లు ఫోన్లు నొక్కుకున్నారు, రానివాళ్లు పనుందన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా అంతకంటే నయమే.

రోగుల వివరాలు ఇక్కడ భద్రమేనని గుర్తింపు ఇచ్చే తనిఖీ అధికారి రేపు వస్తాడనగా ఓనరుకు మెలకువ వచ్చింది. ఓనరంటే ఎవరో కాదు, ఆమె సొంత అక్క మొగుడే. సిబ్బందంతా ఆన్‌లైన్ పరీక్ష పాసైతేనే గుర్తింపు, గుర్తింపుంటేనే పెద్దాసుపత్రి పని. రాసినవాడు ఒక్కడూ లేడు. దాంతో బావగారు హాలు మధ్య నిలబడి, అందరూ పాస్‌వర్డులు టీచరమ్మకు చెప్పేయండి, మీ పరీక్షలు తనే రాసేస్తుంది అని సెలవిచ్చాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదన్నదే ఆ పరీక్షలో మొదటి పాఠం! పైగా ఆ పెద్దాసుపత్రిలోనే వాళ్లమ్మ వైద్యం చేయించుకుంటోంది. ఆ జబ్బు సంగతి ఇరుగుపొరుగుకైనా తెలియనివ్వలేదు ఆ తల్లి. కుదరదు బావగారూ అంది. ఉద్యోగం ఇచ్చిందెవరో ఆయన గుర్తుచేశాడు. కాసేపటికి అక్క ఫోను చేసి, ఈ ఒక్కసారికి సర్దుకోవే అంది. సర్దుకోవడమట! ఎప్పుడూ సర్దుకోవాల్సింది తనే.

సర్దుకుంది. ఒక్కొక్కరూ వచ్చి పాస్‌వర్డ్ చెప్పిపోయారు. ఒకడైతే లేవడానికి బద్ధకించి అటు మూల నుంచే కేకేశాడు. చివర్లో బావగారూ తనది చెప్పాడు. వాళ్లను తిట్టుకుంటూ, వాళ్లకంటే ఎక్కువగా తనను తాను తిట్టుకుంటూ అందరి పరీక్షలూ రాసింది. అందరికీ నూటికి నూరు వచ్చాయి.

మర్నాడు వచ్చిన అధికారి ఆ మార్కుల వంక చూడనైనా లేదు. తిన్నగా ఒక కుర్రాడి బల్ల దగ్గర ఆగి, పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పొచ్చా అని అడిగాడు.

“చెప్పకూడదు సర్. ఒక్క టీచరమ్మకు తప్ప.”

పక్కవాడు కూడా బుద్ధిమంతుడిలా తలూపాడు. తామంతా ఆవిడకే చెప్పామన్నాడు, పైగా గొప్పగా.

బావగారి ముఖం మాడిపోయింది. మరుక్షణమే గొంతు పెంచి ఆమె మీద విరుచుకుపడ్డాడు.

“నాకు తెలియకుండా వీళ్ల పాస్‌వర్డులు లాగావా? ఇంట్లో పిల్లవని నమ్మితే ఇదా నువ్వు చేసే పని? లే, ఇక్కణ్ణుంచి.”

ఆమె లేచింది.

“మీకు తెలియకుండానా? నిన్న మీ నోటితో మీరు చెప్పిన పాస్‌వర్డ్ కూడా ఇప్పుడు పైకి చెప్పమంటారా, బావగారూ?”

ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. మరి మీ పాస్‌వర్డ్ ఎవరికి చెప్పారమ్మా అని అధికారి అడిగాడు. ఆమె మెడలోని ఆఫీసు కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

“ఎవరికీ చెప్పలేదు సర్. కానీ వీళ్లందరి పరీక్షలూ రాసింది నేనే. వీళ్లకు గుర్తింపు ఇవ్వకండి. ఆ ఆసుపత్రిలో మా అమ్మ ఉంది.”