అరుగు మీంచి చూసిన నాడి

నాకు కోపం ఎక్కువంటారు. ఎక్కువే. ఆ వారం సుబ్బమ్మగారి అరుగు మీద కూర్చుంటే ఎవరికైనా వచ్చేది.

యాభై ఒకటో సంవత్సరం. అల్లవరంలో సుబ్బమ్మగారి కోడలు కామాక్షికి గుండెజబ్బు. కాళ్లు వాచాయి, ఆయాసం. అమలాపురం డాక్టరుగారు డిజిటాలిస్ చుక్కల మందు రాసి, నర్సునని నాకు అప్పగించారు. "సుందరమ్మా, చుక్కలు వేసే ముందు రోజూ నాడి చూడు. డెబ్భై రెండుంటే మంచిది. అరవైకి దిగితే మందు ఆపెయ్. ఎక్కువైతే ఈ మందే ప్రాణం తీస్తుంది."

నర్సునైనా నేను మాలపల్లె క్రైస్తవురాలిని. సుబ్బమ్మగారు గడప తొక్కనివ్వలేదు. "నువ్వు అరుగు మీద గడియారం చూసి చెప్పు. చెయ్యి నేను పట్టుకుంటాను" అన్నారు. ఆయ్, అలాగేనండి అన్నాను. అక్కడే తప్పు చేశాను. నేను "ఊఁ" అనడం, నిమిషమయ్యాక "చాలండి" అనడం, లోపలి నుంచి "డెబ్భై రెండు" అని కేక. ఆవిడే చుక్కలు వేసేవారు. అయిదు రోజులూ అదే అంకె. నా బుద్ధి గడ్డి తింది, ఒక్కసారైనా అనుమానించలేదు.

ఆరో రోజు లోపల కామాక్షి వాంతి చేసుకుంటున్న చప్పుడు. సుబ్బమ్మగారి ముఖం మాత్రం వెలిగిపోతోంది. "కోడలికి గోడలన్నీ పసుపు రాసినట్టు కనపడుతున్నాయంట సుందరమ్మా! అమ్మవారు కరుణించేరు."

నాకు ఒళ్లు మండిపోయింది. అది అమ్మవారు కాదు, మందు విషమెక్కి కళ్లకి అంతా పచ్చగా కనపడటం. గడప దాటి వెళ్లి కామాక్షి మణికట్టు పట్టుకున్నాను. నలభై రెండు. మళ్లీ లెక్కపెట్టాను. నలభై రెండే.

"అమ్మగారూ, మీరు నిజంగా లెక్కపెట్టేరా?"

"నాకు ఇరవై దాటితే లెక్క రాదు. డెబ్భై రెండుంటే మంచిదన్నారుగా డాక్టరుగారు! జబ్బుమనిషి దగ్గర మంచి మాటే పలకాలి."

"మీ మంచి మాట తగలెయ్య! పిల్లని చంపేస్తున్నారు!" అని అరిచాను. మందు సీసా నా సంచీలో వేసుకున్నాను. డాక్టరుగారి కోసం బండి కట్టించమన్నాను. ఆవిడకి అదేం వినపడలేదు. "ముట్టేసుకుంది! నీళ్లు తోడండి, కోడలికి తలస్నానం చేయించాలి" అని ఒకటే కేకలు.

నేను చెయ్యి వదలబోయాను. కామాక్షి వదల్లేదు.

"నీళ్లొద్దు అత్తయ్యగారూ" అంది, గొంతు పైకి రాకపోయినా. "రేపూ నా నాడి ఆవిడే చూస్తారు, ఎల్లుండీ ఆవిడే. రోజూ తలస్నానం చేసే ఓపిక నాకు లేదు."