చాపలల్లే చేతులు

చేతిపనులు నేర్చుకోవాలని వచ్చే కొత్తవాళ్లకి తగిన గురువుని చూపించడం పెద్దాయన ఉద్యోగం. చాపలల్లడంలో ఆయన భార్యని మించినవాళ్లు లేరు. అయినా సొంత మనిషిని అంటగట్టాడని నలుగురూ నవ్వుతారని, ముప్పై ఏళ్లుగా ఆమె పేరు ఎవరికీ చెప్పలేదు. "చాపల కోసం ఎవరూ రాలేదా?" అని ఆమె అడిగితే, "ఈ రోజుల్లో ఎవరికి కావాలే?" అనేవాడు.

చాపలు నేర్పే పక్కవీధి ముసలాయన కూడా పోయాక, భార్య నోటితోనైనా చెబుతుందిలే అని ఒక అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చాడు. పక్షవాతంతో పడిపోయిన కుడిచేతిని ఒళ్లోకి లాక్కుని, "ఇన్నాళ్లకి ఒక్కదానివి దొరికావా తల్లీ!" అంది భార్య.

"ఒక్కదాన్నేంటి మామ్మగారూ! మా అక్కావాళ్లు పదిమంది ఈయన్ని అడిగే కదా, పక్కవీధిలో నేర్చుకున్నారు!"

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"నా చేతులు బాగున్నప్పుడే వచ్చేవాళ్లా?"