ప్రయాణ సమయం: మాటలను బట్టి

పేరుకి విమానాశ్రయమే గానీ, ఉన్నవి రెండు గదులు, సామాన్లు తూచే యంత్రం, వర్షం పడితే కారే రేకుల వరండా. అక్కణ్ణుంచి అవతలి ఊరికి రోజూ పొద్దున ఒక చిన్న విమానం వెళ్తుంది. బోర్డు మీద ప్రయాణ సమయం దగ్గర "మాటలను బట్టి" అని రాసి ఉంటుంది. ఎక్కినవాళ్లు కబుర్లలో పడితే దూరం నిజంగానే తగ్గిపోతుంది, చేతిలో టీ చల్లారకముందే దిగిపోతారు. మూతి ముడుచుకుని కూర్చున్నారా, ఊరు ఎంతకీ రాదు.

అందుకే విమానంలో పనికి వసపిట్టను పెట్టుకున్నారు. ఆవిడ అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ఆవిడ సొంత కబుర్లు మాత్రం లెక్కలోకి రావు పాపం. మాట్లాడుకోవాల్సింది ప్రయాణికులు, ఒకరితో ఒకరు.

ఆ రోజు ఎక్కింది ఒక భార్యాభర్తల జంటే. ఆవిడ ముందు వరసలో కూర్చుంటే ఆయన చివరి వరసలో కూర్చున్నాడు. ఇంధనం పోసే తాత వాళ్ల వాలకం చూశాడు.

"ట్యాంకు నిండా పోశానమ్మా, ఎందుకైనా మంచిది" అన్నాడు వసపిట్టతో.

విమానం లేచింది.

"ఏం పనిమీద వెళ్తున్నారమ్మా?" అని భార్యని అడిగింది వసపిట్ట.

"విడాకులకి. ఇవాళ కోర్టు మూసేలోగా ఇద్దరం కనబడకపోతే కేసు కొట్టేస్తారు."

ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. కింద ఇటుకబట్టీ దాటామనుకుంటే మళ్లీ అదే ఇటుకబట్టీ వచ్చింది. ఎందుకు విడిపోతున్నారో తెలిస్తేగానీ వసపిట్టకి ప్రాణం నిలిచేలా లేదు. ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఇంతకీ తప్పెవరిదండీ?"

ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు.

"మంచి నిద్రలో లేపి, గొళ్లెం పెట్టావా అని అడుగుతారండీ ఈయన! రోజూ!"

"ఒక్కరోజైనా పెట్టిందేమో అడగండి!"

పోట్లాట కూడా మాటే కదా. ఇటుకబట్టీ వెనక్కి పోయింది, నదీ పోయింది. భర్త వేలు చూపిస్తూ ముందు వరస దాకా వచ్చి, అలిసిపోయి భార్య పక్క సీట్లో కూలబడ్డాడు.

"ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నావుగా" అన్నాడు.

"ఎక్కడ! అడిగేవాళ్లు లేక నేనే లేచి చూసుకుంటున్నాను. మీరో?"

"నేను గొళ్లెం పెట్టడమే మానేశాను. లోపల ఎవరున్నారని?"

ఆవిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "తలుపు బార్లా తీసి పడుకుంటున్నారా? బుద్ధుందా అసలు?" అని తిట్టింది. ఆ తిట్టు వినేసరికి ఆయనకి నవ్వొచ్చింది.

అంతలో కిటికీలో అవతలి ఊరి రన్‌వే కనబడింది, దాని వెనకాల కోర్టు గడియారం. ఇంకా బోలెడంత పొద్దుంది. మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఠక్కున నోళ్లు మూసుకున్నారు.

ఊరు మెల్లగా వెనక్కి జరిగింది.

"అక్కా, తీరా దిగబోతుంటే ఊరు జారిపోయింది! వాళ్లని మాట్లాడించు!" అని పైలట్ కేకేశాడు.

వసపిట్ట వాళ్లిద్దరినీ తేరిపార చూసింది. ట్యాంకులో ఇంధనానికి లోటు లేదు. తన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. కోర్టు మూసే వేళ దాటేదాకా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నోరు విప్పలేదు.