చంద్రకాంత్ ముక్కు

నెలకోసారి, మూడో శనివారం మధ్యాహ్నం, ఆ ముగ్గురూ పటాన్‌చెరు హైవే పక్కనున్న అంకిత బ్రూవరీలో కలిసేవారు. అంకిత సంగారెడ్డి పిల్ల. బెంగళూరులో బీరు తయారీ నేర్చుకుని వచ్చి, పాత గోదాములో నాలుగు స్టీలు ట్యాంకులు పెట్టుకుంది. ముందు హాల్లో పది బల్లలుంటాయి. కిటికీ పక్క బల్ల వీళ్లది.

రాంచందర్ వాల్వుల ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. అతనికి స్టౌట్ బీరు తప్ప మరొకటి నచ్చదు. నల్లగా, చిక్కగా, మాడ్చిన కాఫీ గింజల రుచితో ఉండాలి. రవళి సుల్తాన్‌పూర్‌లో సిరంజిలు చేసే కంపెనీలో ఇంజనీరు. ఆమెది ఐపీఏ, హాప్స్ అనే చేదు పూలు దండిగా వేసిన బీరు.

"కాకరకాయ రసం తాగినట్టుంటది. ఎట్ల తాగుతవమ్మా?" అనేవాడు రాంచందర్.

"కాకరకాయ కూర నువ్వు తినవా అన్నా? చేదు తెలిసినోళ్లకే దాని ఇలువ తెలుస్తది."

చంద్రకాంత్ మధ్యలో కూర్చుని నవ్వేవాడు. అతనిది గోధుమ బీరు. గ్లాసు ముందుకు రాగానే తాగడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూస్తాడు. "ముందు అరటిపండు, ఎనక లవంగం. గీ రెండిటి కొట్లాటే గోధుమ బీరు" అంటాడు.

ఒకసారి అలాగే వాసన చూసి, గ్లాసు కింద పెట్టేశాడు. "అంకితా, పైపులు సరిగ్గ కడగలే" అన్నాడు. ఆమె నమ్మలేదు. వెళ్లి పైపు విప్పి చూస్తే లోపల సన్నగా పాచి పట్టి ఉంది. ఆ రోజు నుంచి చంద్రకాంత్ తల ఊపందే ఆమె కొత్త బీరు అమ్మకానికి పెట్టలేదు.

ఆ మర్యాద అతనికి చాలా పెద్దది. పదిహేనేళ్లుగా ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తున్నాడు. అక్కడ మిషను ఏ అంకె చెబితే దాని కింద సంతకం పెట్టడమే. నువ్వేమనుకుంటున్నావని అక్కడ ఎవరూ అడగలేదు. ఈ బల్ల దగ్గర అడిగేవారు.

జూలైలో అతనికి జ్వరం వచ్చింది. ఎనిమిది రోజులకు తగ్గింది. తొమ్మిదో రోజు అతని భార్య సునంద పొయ్యి మీద పప్పు పెట్టి, మేడ మీద బట్టలు తీయడానికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఇల్లంతా పొగ. చంద్రకాంత్ వంటింటికి వీపు పెట్టి టీవీ చూస్తున్నాడు.

"పప్పు మాడిపోతుంటే వాసన రాలేదా?" అంది ఆమె, పొయ్యి ఆర్పుతూ.

అతను ఆ గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ముఖం దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. వేడి తగిలింది, అంతే.

వాసన నరాలు దెబ్బతిన్నాయని, నెలలు పట్టవచ్చని, పూర్తిగా వస్తుందో లేదో చెప్పలేనని డాక్టరు అన్నాడు. రోజుకు రెండుసార్లు నాలుగు రకాల ఘాటైన వాసనలు పీల్చమన్నాడు.

"ఎవలకు చెప్పకు" అన్నాడు చంద్రకాంత్ భార్యతో, ఆసుపత్రి మెట్లు దిగుతూ.

ఆగస్టులో అంకిత కొత్త పని మొదలుపెట్టింది. జహీరాబాద్ వైపు నుంచి తెచ్చిన జొన్నలతో బీరు. రెండు చిన్న క్యాన్లలో రెండు రకాలుగా పులియబెట్టింది. ఆ శనివారం రెండేసి గ్లాసులు ముగ్గురి ముందూ పెట్టి నిలబడింది.

చంద్రకాంత్ ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు. రెండు గుక్కలు తాగాడు. చల్లదనం, నాలుక మీద చురుకు, కాస్త తీపి. రెండింటికీ తేడా తెలియలేదు. కళ్లు తెరిస్తే ముగ్గురూ తననే చూస్తున్నారు.

"ఇది" అన్నాడు, ఎడమ చేతి గ్లాసు చూపించి.

రవళి అనుమానంగా ఆ గ్లాసు మళ్లీ అందుకుంది. "నాకు దీన్ల జెర వెన్న కరిగినట్టు వాసన వస్తుందన్నా."

"గదే దాని అందం."

రవళి గ్లాసు దించింది. "నీకు తెలిసినంత నాకు తెల్వదు లే" అంది.

"అయితే సోమవారం పెద్ద ట్యాంకు పెడుత" అంది అంకిత సంబరంగా.

ఇంటికి వెళ్లగానే చంద్రకాంత్ భార్యకు జరిగింది చెప్పాడు. సంగతి విని సునంద కసరలేదు. "ఐదు వందల లీటర్లు చేస్తదా ఆ పిల్ల?" అని మాత్రం అడిగింది.

ఆదివారం పొద్దున్నే బ్రూవరీకి వెళ్లాడు. అంకిత జొన్నల బస్తాలు లెక్క చూసుకుంటోంది.

"నా ముక్కు పని చేస్తలేదు అంకితా. నెల దాటింది. డాక్టరు రోజూ ఘాటు వాసనలు పీల్చమన్నడు."

"మరి నిన్న?"

"అబద్ధం చెప్పిన."

ఆమె బస్తా మీద కూర్చుంది. "నాకు గూడ వెన్న వాసనే వచ్చింది అన్నా, బీరుల అది లోపమే. మీరు బాగుందన్నరని నా డౌట్ నేనే పక్కన పెట్టిన."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. అక్కడే నిలబడి రవళికి ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"ముక్కు పోయినందుకు నాకు బాధయితుంది అన్నా. గని నిన్న ఇంటికొచ్చి, నా ముక్కే ఖరాబైందేమో అనుకున్న. చాయ్‌పత్తి, సబ్బు, అన్ని వాసన చూసుకుంట కూసున్న."

"తప్పయింది రవళీ."

"ముందుగాల్నే చెప్తే ఏమైతుండె? మేము నిన్ను బల్ల కాడ్నుంచి లేపుతుంటిమా?"



వెన్న వాసన బీరును అంకిత ఆ పూటే పారబోసింది. అతను బయలుదేరుతుంటే పిలిచి నాలుగు చిన్న సీసాలు చేతిలో పెట్టింది. మాడ్చిన బార్లీ, లవంగాలు, ఎండిన నారింజ తొక్క, హాప్స్. "డాక్టరు చెప్పిండన్నరు గదా. పొద్దున, సాయంత్రం" అంది. ఇంకా కోపం పోలేదు. అయినా మూతలు తనే గట్టిగా బిగించి ఇచ్చింది.

సెప్టెంబరు గడిచింది. రోజూ పొద్దున రవళి ఫోనులో మెసేజ్ పెట్టేది: "ఏమన్న వచ్చిందా?" "రాలే" అని రాసేవాడు. సంగతి తెలిసిన రాంచందర్ ఒకనాడు ఇంటికే వచ్చి, ఉల్లిగడ్డ కారం ముక్కు కింద పెట్టాడు. కళ్లల్లో నీళ్లు వచ్చాయి, వాసన రాలేదు. ముగ్గురూ నవ్వారు, సునందతో సహా.

అక్టోబరు చివర ఒక పొద్దున పటాన్‌చెరులో కంపెనీ బస్సు కోసం నిలబడ్డాడు. మంచు పడుతోంది. పక్కన ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోవడం చూశాడు. ఎందుకో అర్థం కాలేదు. అంతలో గొంతు వెనక ఏదో సన్నగా గీరినట్టయింది. పుల్లగా, ఘాటుగా, చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల రసాయనాల కంపు.

అతను ముఖం పైకెత్తి, ఛాతీ నిండా పీల్చాడు. పక్కనున్న ముసలావిడ వింతగా చూసింది. గబగబా రవళికి ఫోన్ చేశాడు.

"రవళీ, వచ్చింది!"

"ఏం వచ్చింది? లవంగమా?"

"కాదు. పటాన్‌చెరు వచ్చింది!"

అవతల ఆమె అంత గట్టిగా నవ్వుతుంటే అతని కళ్లు తడిశాయి.

కానీ వాసన సగమే వచ్చింది. వచ్చినది కూడా వంకరగా వచ్చింది. డిసెంబరులో బల్ల దగ్గర గోధుమ బీరు ముందుకు రాగానే ముక్కు ముడుచుకున్నాడు. అరటిపండు ఉండాల్సిన చోట కాలిన రబ్బరు. గ్లాసు పక్కకు జరిపాడు. రవళి తన గ్లాసు అతని వైపు తోసింది. చేదు నాలుక మీద నిటారుగా నిలబడింది. దాన్ని ముక్కు పాడుచేయలేకపోయింది.

"ఇది మంచిగుంది" అన్నాడు ఆశ్చర్యంగా.

"సూడు రాంచందరన్నా! కాకరకాయ దిక్కు వచ్చిండు."

"నల్లది తాగి చూడరా ముందు" అని రాంచందర్ తన గ్లాసు అడ్డం పెట్టాడు.

అంకిత జొన్న బీరు కొత్త గ్లాసులు తెచ్చింది. అలవాటు కొద్దీ ముందు చంద్రకాంత్ దగ్గర పెట్టింది. అతను ఒక గుక్క తాగి, గ్లాసు రవళి ముందుకు జరిపాడు.

"చేదు, తీపి వరకు నేను చెప్త. చేదు జెర తక్కువైంది. మిగిలింది ఆమెనడుగు."

రవళి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ముగ్గురూ ఆమె ఏం చెబుతుందోనని ఎదురుచూశారు.